టోఫు చప్పగా ఉండటానికి కారణం నీళ్లే, ఖర్చు పెరగడానికీ అవే

అడిగినవి రెండు ప్రశ్నలు. వీగన్ తిండికి (పాలు, గుడ్లు, మాంసం ఏవీ లేని తిండికి) మారాక ఖర్చు తగ్గాల్సింది పోయి పెరిగింది, ఎక్కడ తప్పుతోంది? టోఫుకు, అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటి ముద్దకు, ఎన్ని మసాలాలు పట్టించినా తడి స్పాంజి నమిలినట్టే ఉంటోంది, ఏం చేయాలి? రెండింటి మూలమూ ఒక్కటే. టోఫులో ముప్పాతిక వంతుకు అటూ ఇటూగా నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లు బయటికి పోకుండా వండితే రుచి పట్టదు. ఆ నీళ్లనే రోజూ డబ్బిచ్చి కొంటుంటే ఖర్చు తగ్గదు.

ముందు టోఫు సంగతి చూద్దాం.

సగం తప్పు కొనేటప్పుడే జరిగిపోతుంది. ప్యాకెట్ మీద సిల్కెన్, సాఫ్ట్, ఫర్మ్, ఎక్స్‌ట్రా ఫర్మ్ అని ఉంటుంది. సిల్కెన్ టోఫు అంటే సోయా పాలను ఉన్నవి ఉన్నట్టుగా, కదపకుండా గడ్డకట్టించింది. నీరు దాదాపు 90 శాతం. దాని మీద బరువు పెడితే చితుకుతుందే గానీ నీరు వదలదు. ఫర్మ్ రకాలు వేరు. పాలు విరిచి, ఆ విరిగిన ముద్దను గుడ్డలో కట్టి నొక్కి చేస్తారు. వాటిలో నీరు 70 నుంచి 85 శాతం దాకా ఉంటుంది. ఒక కంపెనీ ఫర్మ్ అన్నది ఇంకో కంపెనీ దగ్గర సాఫ్ట్ కావచ్చు. అందుకని ముందువైపు పేరును నమ్మకుండా, వెనక పట్టికలో ప్రొటీన్ ఎంతుందో చూడండి. 100 గ్రాములకు 12 గ్రాములు, అంతకు మించి ఉంటే ముక్కలు కోసి వేయించవచ్చు. 8 లోపు ఉంటే వేపుడు ఆలోచన మానుకుని పులుసులోకో, చిదిమి కూరలోకో వాడుకోండి.

ఇక అందరూ చేసే పొరపాటు. టోఫును ముక్కలు కోసి, నూనె, మసాలా కలిపి రాత్రంతా నానబెడతారు. పొద్దున చూస్తే పైన ఎర్రగా, లోపల తెల్లగా, చప్పగా ఉంటుంది. టోఫు రంధ్రాల నిండా అప్పటికే నీళ్లున్నాయి. కొత్తగా లోపలికి వెళ్లడానికి చోటెక్కడిది? నూనె అసలే వెళ్లదు, అది నీటితో కలవదు కదా. పైగా ముక్క చుట్టూ పొరలా పేరుకుని ఉప్పూ పులుపూ లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. నానబెట్టి తీరాలనుకుంటే నూనె లేని పలుచని ద్రవంలో, అంటే సోయా సాస్, నీళ్లు, నిమ్మరసం లాంటి వాటిలో నానబెట్టండి. అప్పుడు కూడా ఆ రుచి కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు. అందుకే నానబెట్టే గోల వదిలేసి, ముందు నీరు తీసి, కరకరలాడేలా వేయించి, చివర్లో సాస్ పట్టించడమే మేలు.

నీరు తీయడానికి మూడు పద్ధతులున్నాయి. మూడింటి ఫలితమూ వేరు.

మొదటిది బరువు పెట్టడం. 400 గ్రాముల టోఫును రెండు పలకలుగా కోసి, పొడి గుడ్డలో చుట్టి, పైన పళ్లెం, దాని మీద ఒకటిన్నర కిలోల బరువు పెట్టండి. 20 నుంచి 30 నిమిషాలు చాలు. బరువు ఎక్కువైతే అంచులు పగుళ్లిచ్చి ముక్క విరిగిపోతుంది. దీనికోసమని స్ప్రింగులున్న డబ్బాలు అమ్ముతారు గానీ అవి అక్కర్లేదు. ఎక్స్‌ట్రా ఫర్మ్ అయితే బరువు కూడా అవసరం లేదు, గుడ్డతో గట్టిగా తుడిస్తే చాలు.

రెండోది ఉప్పు నీళ్లు. తడి తీయడానికి తడిలో వేయడమేమిటి అనిపిస్తుంది, కానీ వేపుడుకు దీన్ని మించింది లేదు. లీటరు నీటిలో ఒక టేబుల్‌స్పూన్ ఉప్పు వేసి మరిగించి, టోఫు ముక్కలు వేసి, పొయ్యి ఆపేసి 15 నిమిషాలు ఉంచండి. వేడికి పై పొరలోని ప్రొటీన్ బిగుసుకుని కొంత నీటిని బయటికి తోసేస్తుంది, ముక్కకు ఉప్పూ పడుతుంది. తీసి గుడ్డ మీద పరిస్తే, ముక్కలు వేడిగా ఉన్నాయి కాబట్టి పైతడి ఆవిరై అయిదారు నిమిషాల్లో ఆరిపోతుంది. అలా ఆరిన ముక్క నూనెలో చిమ్మదు, పెనానికి అంటుకోదు.

మూడోది గడ్డకట్టించడం. కూరల్లోకి, పులుసుల్లోకి ఇదే సరైనది. టోఫును రెండు సెంటీమీటర్ల మందాన పలకలు కోసి, నీరు వంచేసి, డీప్ ఫ్రీజర్‌లో కనీసం 12 గంటలు ఉంచండి. లోపలి నీరు మంచు పలుకులుగా మారి ప్రొటీన్‌ను పక్కకు నెడుతుంది. కరిగాక ఆ పలుకులున్న చోట్లన్నీ ఖాళీలుగా మిగులుతాయి. ఫ్రీజర్‌లో ఉండగా పసుపు రంగుకు తిరుగుతుంది, కంగారు పడకండి, పాడైనట్టు కాదు. పూర్తిగా కరిగాకే రెండు అరచేతుల మధ్య పెట్టి పిండాలి. నడుమ ఇంకా మంచు ఉండగానే పిండితే పొడిపొడి అయిపోతుంది. పిండిన ముక్క ఇప్పుడు నిజంగానే ఖాళీ స్పాంజి. ఉప్పూ పులుపూ ఉన్న ఏ రసంలో వేసినా పీల్చుకుంటుంది, నమిలితే పట్టు తగులుతుంది. రెండుసార్లు గడ్డకట్టించి కరిగిస్తే ఇంకా గట్టిపడుతుంది. సిల్కెన్ రకాన్ని మాత్రం ఇలా చేయకండి, పొరలు పొరలుగా విడిపోతుంది.

వేయించడం దగ్గరికి వద్దాం. కత్తితో నున్నగా కోసిన ఘనాలకన్నా చేత్తో తుంచిన ముక్కలు మేలు. గరుకు అంచులు ఎక్కువగా ఉంటే కరకరలాడే భాగం ఎక్కువవుతుంది, సాస్ కూడా జారిపోకుండా పట్టుకుంటుంది. నీరు తీసిన 400 గ్రాముల ముక్కలకు రెండు టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్, అర టీస్పూన్ ఉప్పు (ఉప్పు నీళ్లలో వేసి తీసినవైతే పావు చాలు) కలిపి తేలిగ్గా దొర్లించండి. ఈ పని పెనం వేడెక్కాకే చేయాలి. ముందే కలిపి పక్కన పెడితే పిండి తడి పీల్చి జిగురవుతుంది, ఆ జిగురే పెనానికి అతుక్కుంటుంది. కారం, వెల్లుల్లి పొడి, చక్కెర లాంటివి ఈ పిండిలో కలపకండి. ముక్క ఎర్రబడే లోపే అవి మాడి చేదెక్కుతాయి.

మందపాటి పెనంలో రెండు టేబుల్‌స్పూన్ల నూనె బాగా కాగనిచ్చి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసలో పేర్చండి. మధ్యస్థంకన్నా కాస్త ఎక్కువ మంట. తర్వాత మూడు నాలుగు నిమిషాలు అసలు కదపకండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. అంటుకుంటోందని అట్లకాడ పెట్టి గీకితే పైపొర పెనానికి, ముక్క చేతికి వస్తాయి. కింద పొర గట్టిపడితే ముక్క దానంతటదే వదులుతుంది. వదల్లేదంటే ఇంకా వేగలేదని అర్థం. ముక్కలు కిక్కిరిస్తే వాటి ఆవిరి వాటినే ఉడికిస్తుంది, రంగు రాదు, అందుకని రెండు వాయిలుగా వేయించుకోండి. ఓవెన్‌లో అయితే 200 డిగ్రీల సెల్సియస్‌లో 25 నుంచి 30 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. నూనె ఒక టేబుల్‌స్పూన్‌తో సరిపోతుంది.

సాస్ విడిగా, టోఫు వేగాక చేయండి. సోయా సాస్ రెండు టేబుల్‌స్పూన్లు, నిమ్మరసం లేదా వెనిగర్ ఒకటి, చక్కెర లేదా బెల్లం ఒకటి, నీళ్లు మూడు, సన్నగా తరిగిన వెల్లుల్లి మూడు రెబ్బలు, కారం మీ ఇష్టం, కార్న్‌ఫ్లోర్ ఒక టీస్పూన్. కార్న్‌ఫ్లోర్‌ను ముందే చల్లటి నీళ్లలో కలపకపోతే ఉండలు కడుతుంది. అదే పెనంలో వెల్లుల్లి వాసన వచ్చేదాకా వేయించి మిగతావన్నీ పోయండి. నిమిషంలో చిక్కబడుతుంది. చెంచాను అంటిపెట్టుకునేంత చిక్కదనం రాగానే పొయ్యి ఆపి, అప్పుడు టోఫు వేసి అర నిమిషం దొర్లించండి. పొయ్యి మీదే ఉంచి ఉడికిస్తే కష్టపడి తెచ్చిన కరకర అంతా మెత్తబడిపోతుంది. తర్వాత తినేదైతే సాస్, టోఫు వేర్వేరు గిన్నెల్లో ఉంచుకోండి. సోయా సాస్‌లో ఉప్పు దండిగా ఉంటుంది, మళ్లీ ఉప్పు వేసేముందు రుచి చూడండి. రుచి ఇంకా చప్పగా అనిపిస్తే చాలామంది కారం పెంచుతారు. నిజానికి అప్పుడు తక్కువైంది పులుపు.

చిదిమి వండుకునేదానికి ఈ తతంగమేదీ అక్కర్లేదు. ఉల్లిపాయ వేగాక 400 గ్రాముల టోఫును వేళ్లతో చిన్నా పెద్దా పలుకులుగా చిదిమి, పావు టీస్పూన్ పసుపు వేసి, పెద్ద మంట మీద నీరు ఇగిరేదాకా వేయించండి. గుడ్డు వాసన కావాలంటే నల్ల ఉప్పు అర టీస్పూన్, అది కూడా పొయ్యి ఆపాకే వేయాలి. ఆ గంధకపు వాసన వేడికి ఎగిరిపోతుంది. సిల్కెన్ టోఫునైతే మిక్సీలో తిప్పడమే. 300 గ్రాములకు రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం, అర టీస్పూన్ ఉప్పు, ఒక టేబుల్‌స్పూన్ నూనె. క్రీమ్ వాడే చోటల్లా వాడుకోవచ్చు. సాస్‌లో కలిపాక గట్టిగా మరిగిస్తే విరిగినట్టవుతుంది, వేడెక్కితే చాలు.

ఇప్పుడు డబ్బు. వీగన్ తిండి ఖరీదైనదన్న మాట పప్పులూ గింజల వల్ల పుట్టింది కాదు. మాంసంలా, చీజ్‌లా కనిపించే ప్యాకెట్ల వల్ల, డబ్బాల్లో వచ్చే బాదం, ఓట్ పాల వల్ల పుట్టింది. ఆ పాలు టోఫుకన్నా పెద్ద నీటి మూట. బాదం పాల డబ్బాలో బాదం వాటా చాలాసార్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత శాతమే, పక్కనే రాసి ఉంటుంది, చదవండి. ప్రొటీన్ కోసం కొంటున్న వస్తువైతే కిలో ధర చూడకండి. ప్యాకెట్ ధరను అందులో ఉన్న మొత్తం ప్రొటీన్ గ్రాములతో భాగించండి. 100 గ్రాములకు 12 గ్రాముల ప్రొటీన్ ఉన్న టోఫు 400 గ్రాములు కొంటే చేతికొచ్చేది 48 గ్రాములు. దాదాపు అంతే ప్రొటీన్ 200 గ్రాముల ఎండు పప్పులో, 240 గ్రాముల ఎండు శనగల్లో, 100 గ్రాముల లోపు సోయా చంక్స్ (మీల్ మేకర్)లో దొరుకుతుంది. మీ ఊరి ధరలతో ఈ నాలుగింటినీ ఒకసారి లెక్క వేసుకుంటే వారంలో టోఫు ఎన్ని రోజులు ఉండాలో తేలిపోతుంది. సాధారణంగా ఒకటి రెండు పూటలకు మించి ఉండనక్కర్లేదు.

సోయా చంక్స్ నచ్చవనేవాళ్లలో ఎక్కువమంది వాటిని సరిగా కడగనివాళ్లే. ఉప్పు వేసిన మరిగే నీటిలో అయిదు నిమిషాలు ఉడికించి, పది నిమిషాలు వదిలేసి, గట్టిగా పిండండి. చల్లటి నీళ్లు పోసి మళ్లీ పిండండి. నురగ, పచ్చి వాసన రెండూ ఆ నీళ్లతో పోతాయి. ఇప్పుడు అవి పిండిన టోఫు లాంటివే, రుచిగల రసంలో వేయడమే తరువాయి.

ఎండు గింజలు 500 గ్రాములు ఒకేసారి ఉడికించుకోండి. ఉడికాక అవి కిలోకు పైనే అవుతాయి. 250 గ్రాముల చొప్పున ఫ్రీజర్‌లో పెడితే వారం గడుస్తుంది, గ్యాసూ కలిసొస్తుంది. నానబెట్టే నీళ్లలో లీటరుకు 15 గ్రాముల ఉప్పు వేయండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదంటారు, కానీ జరిగేది దానికి వ్యతిరేకం. ఉప్పులోని సోడియం తొక్కలోని కాల్షియం, మెగ్నీషియం స్థానంలోకి చేరి తొక్కను మెత్తబరుస్తుంది. గింజను ఉడకనివ్వనిది పులుపు. టమాటా, చింతపండు, నిమ్మరసం గింజ మెత్తబడ్డాకే వేయాలి. రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు, 30 అయితే ఇంకా మంచిది, తెర్లే మరుగులో ఉడికించాలి. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విషపదార్థం వాంతులు, విరేచనాలు తెస్తుంది. తక్కువ వేడి మీద గంటలకొద్దీ ఉడికించే స్లో కుక్కర్‌లో అది నశించదు.

టోఫు లేకుండా కుదరదనుకుంటే ఇంట్లోనే చేసుకోండి. పాలూ టోఫూ ఒకే గిన్నెలోంచి వస్తాయి. 250 గ్రాముల సోయా గింజలు 8 నుంచి 10 గంటలు నానబెట్టండి. గింజను విప్పి చూస్తే లోపల మధ్యలో గుంట లేకుండా చదునుగా ఉండాలి. రుబ్బేటప్పుడు మరిగే నీళ్లు లీటరు వాడండి. చల్లటి నీళ్లతో రుబ్బితే లైపాక్సిజనేజ్ అనే ఎంజైము పని మొదలుపెట్టి ఆ పచ్చి గింజ వాసన పుట్టిస్తుంది. వేడి నీళ్లు దాన్ని అక్కడికక్కడే ఆపేస్తాయి. మిక్సీ మూత వేడి ఆవిరికి ఎగరకుండా కొద్దికొద్దిగా రుబ్బండి. ఇంకో లీటరు నీళ్లు కలిపి పెద్ద గిన్నెలో పొయ్యి మీద పెట్టండి, గిన్నెలో సగానికి పైగా ఖాళీ ఉండాలి. మరిగే ముందే నురగ ఉవ్వెత్తున లేస్తుంది. అది పొంగు కాదు, ఉత్త నురగే. మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ, నిజంగా మరగడం మొదలయ్యాక మరో 10 నిమిషాలు ఉంచండి. సరిగా ఉడకని సోయాలో ప్రొటీన్ అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు మిగిలిపోతాయి. పలుచని గుడ్డలో వడకట్టి, చేయి కాలకుండా చూసుకుని పిండండి. తాగడానికి పాలు కావాలంటే ఇక్కడే అర లీటరు తీసేయండి. అలా తీస్తే కింద చెప్పిన విరుపు (పాలను విరిచే పదార్థం) కూడా పావు వంతు తగ్గించాలి. మిగిలిన పిప్పి రెండు రోజులకే పులుస్తుంది. వెంటనే పెనం మీద పొడిగా వేయించి పిండిలోనో, వడల్లాంటి వాటిలోనో కలిపేయండి.

పాలు 75–80 డిగ్రీలకు వచ్చాక విరుపు వేయాలి. తాగే నీళ్లు 200 మిల్లీలీటర్లలో మెగ్నీషియం క్లోరైడ్ (నిగారి) 7 గ్రాములు, లేదా ఆహారానికి వాడే జిప్సం 8 గ్రాములు, లేదా నాలుగు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం. మూడు విడతలుగా పోస్తూ గరిటెను రెండు మూడు సార్లు మెల్లగా తిప్పి, మూత పెట్టి 15 నిమిషాలు వదిలేయండి. పైన తేరిన నీరు లేత పసుపు రంగులో తేటగా ఉంటే పని అయినట్టే. పాలలా తెల్లగా ఉంటే విరుపు చాలలేదు, ఇంకో చెంచా వేయండి. గుడ్డ పరచిన చిల్లుల గిన్నెలోకి తీసి, ఒకటిన్నర కిలోల బరువు 25 నిమిషాలు పెడితే 350 నుంచి 450 గ్రాముల టోఫు వస్తుంది. పలుకుపలుకుగా, గరుకుగా వచ్చిందంటే పాలు మరీ వేడిగా ఉన్నాయి, లేదా గరిటె ఎక్కువ తిప్పారు. చేదుగా ఉందంటే నిగారి ఎక్కువైంది. నిమ్మరసంతో చేసింది కాస్త పుల్లగా, మెత్తగా ఉంటుంది, చిదిమి వండటానికి బాగుంటుంది. జిప్సంతో చేసినదానిలో కాల్షియం కూడా చేరుతుంది, అందుకే మూడింటిలో మొదటి ఓటు దానికే.

విరుపు గొడవ లేకుండా శనగపిండితోనూ ముక్కలు చేసుకోవచ్చు. 120 గ్రాముల శనగపిండి, ఒక టీస్పూన్ ఉప్పు, 300 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న 400 మిల్లీలీటర్ల నీళ్లలో పోసి 8–10 నిమిషాలు ఆపకుండా తిప్పండి. పచ్చి వాసన పోయి గరిటె వెనక గాడి నిలిచేలా అయ్యాక పళ్లెంలో పోసి మూడు గంటలు చల్లార్చి కోయండి. వేయిస్తే బాగుంటుంది. పులుసులో మరిగిస్తే మెత్తబడి విడిపోతుంది. ప్రొటీన్‌లో మాత్రం సోయా టోఫుకు సాటి రాదు.

తెరిచిన టోఫును మునిగేలా నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్లు మారిస్తే మూడు నుంచి అయిదు రోజులు ఆగుతుంది. పుల్లటి వాసన వచ్చినా, పైన జిగురు తగిలినా కడిగి వాడే ప్రయత్నం చేయకండి.

ఒక్క చోట మాత్రం పొదుపు పనికిరాదు, అది విటమిన్ బి12. దానికి నమ్మదగిన మొక్కల ఆధారం ఏదీ లేదు. రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికొకసారి 2000 మైక్రోగ్రాముల మాత్ర తీసుకోవాలి. అంకెల్లో అంత తేడా ఎందుకంటే, ఒక్కసారిగా పెద్ద మోతాదు వేసుకుంటే పేగు అందులో కొద్ది భాగాన్నే పీల్చుకోగలదు. లోపం శరీరంలో నిల్వలు తరిగాకే, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత బయటపడుతుంది, కాబట్టి ఇప్పుడు బాగానే ఉంది కదా అని వాయిదా వేయకండి. ఉప్పు అయోడిన్ కలిపినదే కొనండి. అవిసె గింజలు పొడి చేసి తినండి, గింజను అలాగే మింగితే అరగకుండా బయటికి పోతుంది. పప్పూ ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టాలంటే అదే భోజనంలో నిమ్మరసమో టమాటానో ఉండాలి. టీ, కాఫీ తిన్నాక గంట ఆగి తాగాలి. థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ వాడేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి. సోయా ఆ మందును పేగులో పూర్తిగా ఇంకనివ్వదు. టోఫు తినడం కొత్తగా మొదలుపెడుతున్నారంటే ఆ మాట డాక్టరుకు చెప్పి మోతాదు చూపించుకోండి.